సొట్ట పడని కెటిల్

"సాయిబూ, మనవరాళ్ల దాకా ఉంటాదని చెప్పి నువ్విచ్చిన కెటిల్ ఇదేనా?"

ఆనందమ్మ ఇత్తడి కెటిల్‌ను అంగడి అరుగు మీద ఠంగుమని పెట్టింది. షఫీవుల్లా చేతిలో సుత్తి ఆగిపోయింది. కెటిల్ పొట్టకు ఒక పక్క అరచెయ్యంత సొట్ట. కొమ్ము వంకర తిరిగి ఉంది. ఆమె ఇట్లా సొట్టలు పడ్డ కెటిల్ తెచ్చి జగడం పెట్టుకోవడం ఇది మూడోసారి.

షఫీవుల్లాకు ఒళ్లు మండింది. పాకాల స్టేషను బజారులో ఇత్తడి సామానంటే తండ్రి కాలం నుంచీ అతని అంగడే. యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా మంచి రేకు దొరక్క అవస్థ పడుతున్నాడు. అదే అదనుగా ఎదురంగడి సుందరరాజు మద్రాసు నుంచి చవకరకం అల్యూమినియం సామాను, సిలవరు కెటిళ్లు దించి వరసగా వేలాడదీశాడు. సగం బేరాలు అటే పోతున్నాయి. ఇది చాలదన్నట్టు ఈమె గొంతొకటి. అతని పనితనాన్ని బజారుకంతా వినబడేలా దుమ్మెత్తిపోస్తుంది. సుందరరాజే ఈమెను ఎగదోసి పంపుతున్నాడని షఫీవుల్లాకు గట్టి అనుమానం.

"ఏం చేసినావమ్మా దీన్ని?"

"కింద పడింది."

"కింద పడితే అడుగు సొట్టపోవాల గదా. పొట్టకెందుకు పోయింది?"

"నాకేం తెలుసు? చేసినోడివి నువ్వు. పడింది, అంతే."

"దీంట్లో కాఫీ కాంచినావా, దీంతో బట్టలుతికినావా?"

అరుగు దగ్గర నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆనందమ్మ ముఖం జేవురించింది.

"నవ్వండి. మీ మొగోళ్లకు అన్నీ నవ్వులాటే. నీ ఇత్తడితో నేను పడలేను. దీన్ని తీసుకొని పల్చంది ఏదన్నా ఉంటే ఇయ్యి. లేదంటే ఆ సిలవరుదే కొనుక్కుంటా. తేలిగ్గా ఉండాది, నాకదే మేలు."

"ఆ సిలవరు రేకు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతాది."

"పోతే పోనీ. నాకట్లాంటిదే కావాల."

సొట్టపోయే సామానే కావాలని అడిగే ఆడమనిషి ఎక్కడైనా ఉంటుందా? ఇవి సుందరరాజు నేర్పి పంపిన మాటలు కాక మరేమిటి? షఫీవుల్లాకు కోపం నషాళానికంటింది. విసురుగా లోపలికి పోయి, వంటింట్లో గూట్లో ఉన్న పెద్ద కెటిల్ అందుకున్నాడు. యుద్ధానికి ముందు దొరికిన మందపాటి రేకుతో తన ఇంటికోసం చేసుకున్నది.

"అది మన ఇంటిది గదా, యాడికి తీసుకపోతాండావు?" అంది భార్య జైతున్‌బీ.

"ఈ పొద్దు ఇది ఇంట్లో ఉండాల్నో, నా పేరు బజార్లో ఉండాల్నో తేలిపోవాల" అని బయటికొచ్చి, అందరూ చూస్తుండగా దాన్ని రాతిబండల మీద వేసి కొట్టాడు. కెటిల్ ఖంగుమని మోగి పక్కకు దొర్లింది. తెచ్చి ఆనందమ్మ ముఖం ముందు గుండ్రంగా తిప్పాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"సూడు. ఇది ఎవరిమీదన్నా పడితే వాళ్లు ఎముకలకు కట్టు కట్టించుకోడానికి పుత్తూరికి పోవాల్సిందే. దీనికి మాత్రం సొట్ట పడదు."

అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది చెంగయ్య. ఆనందమ్మ మొగుడు. స్టేషనులో పాయింట్స్‌మన్. డ్యూటీ దిగి ఇంటికి పోతూ అక్కడ ఆగాడు.

"ఏమప్పా షఫీ, మా ఇంటిదాని నోరు బజారుకెక్కినాదా? మనసులో పెట్టుకోబాక" అంటూ కెటిల్‌ను పిడి పట్టుకుని లేపాడు. ఒకటికి రెండుసార్లు ఊపి చూశాడు. "కెటిలంటే ఇదీ. చేతికి బరువుగా ఆనతా ఉండాది."

"అది వద్దు" అంది ఆనందమ్మ. "అంత బరువు నాకొద్దు సాయిబూ. నీకు దండం పెడతా, పల్చందే ఇయ్యి."

అంతసేపూ బజారు అదిరేలా అరిచిన గొంతు ఒక్కసారిగా పడిపోయింది. ఓడిపోయింది గనక గొంతు పడిపోయిందనుకున్నాడు షఫీవుల్లా. అతని కడుపు చల్లబడింది.

"ఆ సొట్టది నాకు పడేసి ఇది తీసుకపో. పైసా వద్దు. దీనికి ఒక్క సొట్ట పడినా నేను మళ్లీ సుత్తి పట్టను."

"నీలాంటి పనోడు ఈ చుట్టుపక్కల లేడప్పా" అని చెంగయ్య అతని భుజం తట్టి, కెటిల్‌ను తనే చేత బట్టుకుని నడిచాడు. ఆనందమ్మ తల వంచుకుని వెనకాల పోయింది. ఇంత మంచి మనిషికి ఇట్లాంటి గయ్యాళి ఎట్లా దొరికిందో అనుకున్నాడు షఫీవుల్లా.

రంజాను పండగ వెళ్లాక ఒక పొద్దున ఆనందమ్మ మళ్లీ వచ్చింది. కొంగు భుజాల నిండా కప్పుకుని ఉంది. ఈసారి అరవలేదు. కొంగు కింద నుంచి కెటిల్ తీసి అతని ముందుకు చాపింది.

"ఇది నువ్వే పెట్టుకో సాయిబూ. పల్చందేదన్నా ఉంటే ఇయ్యి."

ఆ మాటతో షఫీవుల్లాకు పాత కోపమంతా తిరగబెట్టింది. కెటిల్ లాక్కుని వెలుతురులో పట్టి చూశాడు. అడుగు చూశాడు, పొట్ట తడిమాడు, కొమ్ము తడిమాడు. కొత్తదిలా మెరుస్తోంది.

"సుందరరాజూ, ఇట్లా రాప్పా, వచ్చి సూడు" అని ఎదురంగడికి వినబడేలా కేకేశాడు. "ఒక్క సొట్ట చూపించు. అంగడి నీకు రాసిచ్చేస్తా." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "బాగుండేదాన్ని ఎందుకు తెచ్చినావు? నన్ను అల్లరి పెట్టడానికే గదా? పైగా ఎడంచేత్తో ఇస్తావా? మనిషికి సామాను కుడిచేత్తో ఇయ్యాలనే మర్యాద కూడా తెలవదా నీకు?"

ఆనందమ్మ భుజం మీది కొంగు పక్కకు తొలగించింది.

కుడిచేతికి పుత్తూరు కట్టు ఉంది.