సిరా డబ్బా మూత

నార్సింగి వృద్ధుల ఆశ్రమంలో మా అక్క బాలమ్మ ఎనిమిది నెలలుగా మాట, కదలిక లేకుండా ఉంది. ముక్కులోని పైపుతోనే తిండి.

సాయంత్రం ఆమె కొడుకు మహేందర్ కాగితం తెచ్చాడు. "అమ్మ ఇగ లేవదట. పైపు తీసేయమని వేలిముద్ర వెయ్యి చిన్నమ్మా. ఇంట్లోళ్లమందరం ఒప్పుకోవాల్నట."

"నాకు సంతకమొస్తదిరా! అక్క చెప్పినంక పెడ్త, పో."

కాగితం, సిరా డబ్బా కిటికీలో పెట్టి పోయాడు.

రాత్రి అక్క మంచం పక్కనే పడుకున్న నాకు, టక్కుమన్న డబ్బా మూత చప్పుడుకు మెలకువ వచ్చింది. గదిలో మేమిద్దరమే. అక్క కళ్లు మూసుకునే ఉంది. ఆమె బొటనవేలు నీలంగా తడిసి ఉంది. కాగితం మీద ఆరని వేలిముద్ర.

అక్కను నేను పంపను. ఆ వేలిని కొంగుతో తుడిచి, కాగితం చింపేశాను.

నా వెనక, కిటికీలో మూత మళ్లీ టక్కుమంది.