గోడ మీద ఉండాల్సింది

ప్రెస్సులో కాగితాలు కత్తిరిస్తూనే మా మరిది కుప్పకూలాడు. పిలిస్తే పలకలేదు, ఊపిరి ఆడటం లేదు. పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. చొక్కా కింద ఏదో అరచేతికి గుచ్చుకుంటోంది. గుండీ అనుకున్నాను.

"గోడకున్న షాక్ పెట్టె పట్రండి!" అని అరిచాను.

పోయినేడు మా ఆయన ఇదే గదిలో గుండె ఆగి పోయాక, యజమానితో పోట్లాడి నేను పెట్టించిన, గుండెకు కరెంటు షాక్ ఇచ్చే పెట్టె అది.

మేస్త్రి పరుగెత్తి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "గోడ మీద లేదమ్మా. మీ మరిదే బీరువాలో పెట్టాడు. 'అన్న పేరు మీద వచ్చింది, ఎవడు పడితే వాడు ముట్టుకోకూడదు' అన్నాడు."

"తాళం?"

"ఎక్కడ దాస్తాడో ఎవరికీ చెప్పడు."

"చూస్తారేం, పగలగొట్టండి!"

ఇనుప బీరువా. ఒక పట్టాన లొంగలేదు. భుజాలు పడిపోతున్నా నేను నొక్కుతూనే ఉన్నాను. చివరికి పెట్టె వచ్చింది. మేస్త్రి కత్తెరతో చొక్కా చీల్చాడు. కంగారుగా పెట్టె తీగలకున్న అట్టలు రెండూ ఒంటికి అంటించాను.

"షాక్ ఇవ్వవద్దు. నొక్కడం కొనసాగించండి" అంది పెట్టెలోని గొంతు. షాక్‌కి అందే కదలిక కూడా ఆ గుండెలో మిగల్లేదు.

మళ్లీ చేతులు ఆనించబోతే అప్పుడు కనబడింది. మెడలో దారానికి కట్టుకున్న బీరువా తాళంచెవి, ఇంతసేపూ నేను నొక్కిన చోటే ఉంది.

దాని పళ్లు నా అరచేతిలో అచ్చుపడి ఉన్నాయి.