తలుపు బయట కూర్చున్న మనిషి

"ఇదిగో ఆయమ్మా! ఈ సీసాలో కాస్త వేణ్ణీళ్ళు పట్టుకురా."

పక్క పడక తెర దగ్గర నిలబడ్డ పెద్దావిడ ఒక్క క్షణం తెల్లబోయింది. తరవాత నవ్వి సీసా అందుకుంది.

"బాగా వేడిగానా, గోరువెచ్చగానా డ్రైవరుగారూ?"

ముప్ఫయ్యేళ్ళు ఇంచన్ రేవుపట్నంలో సిటీ బస్సు నడిపానని దొక్‌సు వచ్చిన గంటలోనే వార్డంతా చెప్పేశాడు మరి.

ఆవిడది చైనాలోని యన్‌బ్యన్ కొరియన్ల యాస. చైనా వైపు నుంచి వచ్చిన కొరియన్ ఆడవాళ్ళు ఆసుపత్రిలో ఇంకెందుకుంటారు, రోగుల్ని కనిపెట్టుకుని ఉండటానికి గాక! పైగా ఒంటిమీద సొంత బట్టలు, కాళ్ళకి బయటికెళ్ళే బూట్లు. ఆయా కాక ఇంకెవరు?

దొక్‌సు కంగారు దొక్‌సుది.

రెండేళ్ళ కిందట పెద్దపేగు కేన్సరుకి ఆపరేషనైంది. ఇప్పుడది పాకి, ఊపిరితిత్తిలో రెండు మచ్చలుగా తేలింది. ఈసారి కొయ్యరట. స్కానింగులో చూసుకుంటూ వీపులోంచి సన్నటి సూది దింపి, మచ్చల్ని లోపలే కాల్చేస్తారట. అదీ మనిషి మెలకువగా ఉండగానే.

అసలు బెంగ సూది గురించి కాదు.

"మీ ఇంటివాళ్ళొకరు గది బయట కూర్చోవాలి. లేకపోతే వాయిదానే" అంది నర్సు పొద్దున్నే.

తమ్ముడొస్తున్నాడని అబద్ధమాడేశాడు. తమ్ముడు ఫోనే ఎత్తడం లేదు. పెళ్ళాం విడిపోయి పదేళ్ళు. ఇవాళ తప్పితే మళ్ళీ రెండు నెలలకి గాని వంతు రాదు. అప్పటికి రెండు మచ్చలు ఎన్నవుతాయో!

"మీవాళ్ళింకా రాలేదా?" సీసా అందిస్తూ అడిగిందావిడ.

"నీకెందుకు? వెళ్ళి నీ పేషెంటు సంగతి చూసుకో."

"నా పేషెంటుతో ఏ గొడవా లేదులెండి."

"అదృష్టవంతురాలివి. కూర్చుని తింటున్నావు."

ఆవిడకి కోపం రాలేదు. పడక పక్కన పొట్టి బల్ల మీద కూర్చుంది.

"ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నారా? నిండా పీల్చకండి. సగమే పీల్చి ఆపండి. ప్రతిసారీ అదే సగం. తేడా వస్తే సూది గురి తప్పుతుంది."

"అబ్బో! డాక్టరమ్మ బయల్దేరింది!"

"ఏదీ, ఒకసారి ఆపండి చూద్దాం."

తిట్టుకుంటూనే ఆపాడు. ఆవిడ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పదిసార్లు చేయించింది. పదోసారికి కుదిరింది.

తొమ్మిదిన్నరకి తోపుడు మంచం వచ్చేసింది. వెనకే హెడ్ నర్సు.

"మీ తమ్ముడేరండీ?"

 అరవై మూడేళ్ళొచ్చాయి, నాకెవరూ లేరని నలుగురిలో చెప్పడానికి దొక్‌సుకి సిగ్గేసింది.

"నేనున్నాగా. అక్కని" అంది ఆవిడ.

హెడ్ నర్సు ఆవిడకేసి చూసింది. ఏదో అనబోయి మానేసింది. కాగితం చాపి సంతకం పెట్టించుకుంది.

లోపల బోర్లా పడుకోబెట్టారు. "పీల్చండి. ఆపండి." సగమే పీల్చాడు. మళ్ళీ సగం. భుజం వెనకాల సుర్రుమంది. పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు.

తలుపు అవతల తనకోసం ఒక మనిషి కూర్చుని ఉంది. పదేళ్ళలో తనకోసం ఎవరూ ఎక్కడా కూర్చోలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఊపిరి లెక్క తప్పుతుందని దిగమింగాడు.

బయటికి తెచ్చాక, కదలకుండా వెల్లకిలా పడుకోవాలన్నారు. మాట్లాడకూడదు, దగ్గకూడదు. ఆవిడ దూది తడిపి అతని పెదాలకి అద్దుతూ కూర్చుంది.

దొక్‌సు ఏదో చెప్పబోయాడు.

"ఉష్! తరవాత చెబుదురుగాని. ఎక్కడికి పోతాయి మాటలు!"

అలాగే కళ్ళు మూతలు పడ్డాయి.

మర్నాడు ఎక్స్‌రే బాగుంది, ఇంటికెళ్ళిపోవచ్చన్నారు. దొక్‌సు ముందు కింద కొట్టుకెళ్ళి బేరిపండు రసం డబ్బాలు ఒక పెట్టె కొన్నాడు. మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది, ఆవిడ పేరైనా అడగలేదు.

పక్క తెర తీసి ఉంది. పడక మీద దుప్పటి కూడా లేదు.

"ఈ పడక ఆయమ్మ ఏదండీ?" హెడ్ నర్సుని అడిగాడు. "పేషెంటుని వేరే గదికి మార్చారా?"

"ఏ ఆయమ్మ?"

"అదేనండీ, నిన్న నాకోసం సంతకం పెట్టిందే! నోటికొచ్చినట్టు మాట్లాడాను పాపం. ఇది ఆవిడ చేతిలో పెట్టి, తప్పయిందని చెప్పాలి."

హెడ్ నర్సు చేతిలో కాగితాలు కింద పెట్టింది.

"నిన్న సాయంత్రం చైనా ఓడకి వెళ్ళిపోయారు. ఒక్కరే."

"మరి ఆవిడ పేషెంటు?"

"ఆ పేషెంటు ఆవిడేనండీ. నిన్న మీకన్నా ముందు ఆ సూది ఆవిడకే వెయ్యాల్సింది. మచ్చలు చాలా ఎక్కువైపోయాయి, ఇంక వేసినా లాభం లేదని డాక్టరుగారు చెబితే, సరేనని లేచి బట్టలు మార్చుకుని, ఓడ వేళ దాకా కూర్చోడానికి ఎక్కడైనా కాస్త చోటుందా అని అడిగారు."