నిబ్బరం మాత్ర

ఆ రోజుల్లో విశాఖలో ఉద్యోగస్థులందరూ ఇడ్లీతో పాటు నిబ్బరం మాత్ర వేసుకునేవారు. అది వేసుకుంటే సాయంత్రం దాకా ఎవరేమన్నా గుచ్చుకోదు. త్రినాథరావు ఆ మాత్ర గొప్పతనాన్ని భార్య హైమవతికి రోజూ పాఠంలా చెప్పేవాడు.

"మెదడులో కబురు మోసుకొచ్చేది గ్లూటమేట్ అనే రసాయనం. అది వచ్చి తన గూట్లో కూర్చోగానే తలుపు తెరుచుకుంటుంది, మనకి బాధ తెలుస్తుంది. మాత్ర పడిందనుకో, అది వచ్చి కూర్చున్నా తలుపు తెరుచుకోదు. అంతే!"

"వచ్చి కూర్చున్నవాళ్లని పలకరించనిది కూడా ఒక కొంపేనా?" అనేది హైమవతి. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

ఒక ఉదయం ఆయన చెల్లెలు రమణి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. భర్త పోయాడని, తానొక్కతే ఉన్నానని గుండెలవిసేలా ఏడ్చింది.

"అలాగేనమ్మా. పోయాక ఏం చేస్తాం?" అని త్రినాథరావు ఫోన్ పెట్టేశాడు. "హైమా, ఇంకాస్త చట్నీ వెయ్యి."

హైమవతి చట్నీ గిన్నె మొత్తం ఆయన కంచంలో బోర్లించి, చెప్పులేసుకుని ఆసుపత్రికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి శ్మశానానికి వెళ్లినవాళ్లు రమణి ఇంటికి తిరిగొచ్చారు. రమణి వదిన ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. అప్పుడు హైమవతి ఫోన్ మోగింది. మాత్ర ప్రభావం దిగిపోయిన త్రినాథరావు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"బావ పోయాడే! నాకిప్పుడే తెలిసినట్టుంది. ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను, ఇంటికొచ్చెయ్యవే!"

"ఎవరు వదినా? అన్నయ్యా?" రమణి ఆశగా తలెత్తింది.

"కాదమ్మా, ఎవరో తెలీనివాళ్లు," అని హైమవతి ఫోన్ కట్టేసింది.