దవడ నొప్పి

"అమ్మకు చెమటలు పోస్తాండాయి, చూసినావా నాయనా?"

ముందు సీట్లోని ఆడమనిషి వెనక్కి తిరిగి అడిగేసరికి శివకృష్ణ సెల్‌ఫోన్ నుంచి తలెత్తాడు.

గిద్దలూరులో బట్టల దుకాణం అతనిది. మార్కాపురంలో మేనమామ మనవరాలి నిశ్చితార్థం ఉంటే, తల్లి వెంకటసుబ్బులమ్మను వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాడు. తల్లికి ముందు సీటు దొరికింది. పక్కన ఈ ముక్కూమొహం తెలియని మనిషి.

"ఎండాకాలం గదా. నీకు పట్టడం లేదా?" అన్నాడు.

"నాకు పడితే తుడుచుకుంటాండా. ఆయమ్మకు చెయ్యెత్తే ఓపిక గూడా లేదు."

వెంకటసుబ్బులమ్మ ఒక చేత్తో దవడ పట్టుకుని కూర్చుంది. ఇంట్లో బయల్దేరక ముందు నుంచీ అంతే. దవడ లాగుతాందనీ, భుజాలు బరువుగా ఉన్నాయనీ రెండుసార్లు చెప్పింది. పొద్దున తిన్నది అరగలేదని శివకృష్ణ గ్యాస్ గోళీ మింగించాడు. బస్‌స్టాండులో సోడా తాగించాడు.

"అమ్మకు షుగరుందా?" ఆ మనిషి మళ్లీ అడిగింది.

"పదేళ్ల నుంచి ఉంది. అయితే ఏంది?"

"కంభంలో దిగిపోండి నాయనా. ఆసుపత్రిలో చూపించుకోండి."

"మార్కాపురంలో మాకు తెలిసిన డాక్టరున్నాడు. ముహూర్తం అయిపోయినాక చూపిస్తాలే."

"అంతసేపు ఆగొద్దు."

శివకృష్ణకు చిర్రెత్తింది. ఆమెను ఎగాదిగా చూశాడు. వెలిసిపోయిన చీర, పగిలిన చేతులు, ఒళ్లో చిన్న సంచి.

"నువ్వేమన్నా డాక్టరమ్మవా? నీ పని నువ్వు చూసుకో."

"నాకేం కాలేదులే తల్లీ," అంది వెంకటసుబ్బులమ్మ. "శుభకార్యానికి పోతా పోతా ఆసుపత్రేంది?"

ఆ కాస్త మాట్లాడటానికే ఆయాసపడింది.



బస్సు కంభం స్టాండులో ఆగి మళ్లీ బయల్దేరింది. ఉన్నట్టుండి ఆ ముక్కూమొహం తెలియని మనిషి గుండె పట్టుకుని సీట్ల మధ్యన దబ్బున పడిపోయింది.

"ఆపండి, ఆపండి!" అని బస్సంతా గోల.

కండక్టరు యాకోబు డ్రైవరును కేకేశాడు. బస్సు తిన్నగా పోయి గవర్నమెంటు ఆసుపత్రి ముందర ఆగింది.

నలుగురూ ఆమెను దించబోతే, చటుక్కున లేచి పక్క సీట్లోని వెంకటసుబ్బులమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకేం కాలేదు సారూ. ఈ అమ్మను దించండి. మీకు దండం పెడతా."

"నాటకాలాడతావా!" శివకృష్ణ ఆమె మీదికి పోయాడు. "ఇంతమందిని నిలబెట్టినావు. నీకేమన్నా పిచ్చా?"

ఆ అరుపు పూర్తికాకముందే తల్లి సీట్లోంచి పక్కకు ఒరిగిపోయింది.

ఇ.సి.జి. కాగితం చూస్తూనే డాక్టరు మొహం మారింది.

"హార్ట్ ఎటాక్. ఎప్పటి నుంచి ఉంది ఇట్లా?"

"ఆరింటి నుంచి సార్. గుండెలో నొప్పని అనలేదు... దవడ అన్నది..."

"షుగరున్నవాళ్లకు గుండెలో నొప్పి తెలియకపోవచ్చు. దవడ లాగడం, చెమటలు, ఆయాసం. ఇవి చాలవా? మార్కాపురం దాకా పోయుంటే దారిలోనే పోయేది."

 

ఇంజెక్షన్ ఇచ్చారు. ఒంగోలు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్స్ మాట్లాడాలి, చీటీలు రాయించాలి, మందులు తేవాలి. ఎటు పరుగెత్తాలో తోచక శివకృష్ణ చుట్టూ చూస్తే, ఆ మనిషి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అమ్మ కాడ కూర్చో. నేను వచ్చేదాకా కదలొద్దు."

ఆమె ఏదో చెప్పబోయింది. మంచం మీద ఉన్న వెంకటసుబ్బులమ్మ వైపు చూసి, సరేనని తలూపింది.

అంబులెన్స్ కదిలేసరికి పన్నెండయింది. ఆ హడావిడిలో శివకృష్ణ ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. పేరు కూడా అడగలేదు.

పది రోజులకు తల్లి ఇల్లు చేరింది.

"ముందు పోయి ఆ బిడ్డను వెతుకు," అంది. "చీర పెట్టాల."

ఆమె తర్లుపాడు దగ్గర ఒక పల్లెకు టికెట్టు తీసుకుందని యాకోబు చెప్పాడు. శివకృష్ణ మోటారుసైకిల్ మీద ఆ పల్లెకు పోయి ఆనవాళ్లు చెబితే, మేకల దొడ్డి పక్కన ఒక ఇల్లు చూపించారు.

గుండు చేయించుకున్న మనిషి బయటికొచ్చాడు. పేరు అంకన్న.

"నువ్వు చెప్పేది గంగమ్మనే. మా అక్క. గిద్దలూరు కాడ ఇటుకల బట్టీలో పని చేస్తది. ఆడికే పోయింది."

"నర్సు పనేమన్నా నేర్చుకుందా అన్నా?"

"నర్సా? సంతకం గూడా రాదు దానికి."

"మరి దవడ నొప్పి గుండెదని ఎట్ల తెలిసింది?"

అంకన్న మొహం గట్టిపడింది.

"దవడ లాగుతాంది, చెమటలు పోస్తాండాయి అమ్మీ అని మా నాయన దానికే ఫోన్ చేసినాడు. పంటి నొప్పిలే నాయనా, గోళీ ఏసుకో అన్నది. పొద్దుగూకే లోపల పోయినాడు."

శివకృష్ణ అరుగు అంచున కూర్చున్నాడు.

"తెల్లారి మట్టికన్నా వస్తదని శవాన్ని పదకొండు గంటల దాకా పెట్టుకున్నాం. ఎండకు ఇంగ ఆగలేక ఎత్తుకుపోయినాం. అంతా అయిపోయినాక వచ్చి, బస్సు లేటయింది అంటది! ఎవురు నమ్ముతారు? కన్నతండ్రి కడచూపుకు రానిది మాకేం అక్క? గడప తొక్కనీలేదు."



ఆ పదకొండు గంటలప్పుడు గంగమ్మ కంభం ఆసుపత్రిలో, చల్లబడిన వెంకటసుబ్బులమ్మ పాదాలను ఒళ్లో పెట్టుకుని, వేడి పుట్టేదాకా అరచేతులతో రుద్దుతూ కూర్చుని ఉంది.