ఏదీ ముట్టలే

కామారెడ్డిలో ఇంటి తాళం తీస్తూ భూమేశ్ తలుపుకు చెవి ఆనించాడు. మూడు నెలల కుక్కపిల్ల టైగర్‌ను మొదటిసారి బోనులో పెట్టకుండా ఇంట్లో వదిలేసి, భార్యాభర్తలిద్దరూ ఎల్లారెడ్డిలో పెండ్లికి వెళ్లొచ్చారు. లోపల చప్పుడు లేదు.

"సగం సోఫా మింగి, అరగక పండినట్టుంది," అన్నాడు.

సోఫా మీద ఏడాదిగా తియ్యని ప్లాస్టిక్ కవరు కూడా చిరగలేదు. సజ్జ మీదికెక్కించిన చెప్పులు, ఫ్రిజ్ మీద దాచిన రిమోటు క్షేమం.

"చూసినవా నవతా! ఏదీ ముట్టలే. మీ అన్న పిల్లలకన్న నయం!"

"టైగర్ ఏది?"

"గదో, మంచం కింద. పండనియ్యి."

నవత పండనివ్వలేదు. రెండుసార్లు పిలిచింది. తర్వాత బీరువా వెనక్కి తొంగిచూసి అట్లనే నిలబడిపోయింది.

"ఏమయ్యా, ఎలుకల మందు పెట్టిన బజ్జి తీసినవా?"

"లే. ఎలుకలు సోఫాను అడుగునుంచి కొరుకుతున్నయని నిన్ననే పెడితి గదా. టైగర్ బోనులనే ఉంటది గదా అని..."

"బజ్జి లేదు."

భూమేశ్ మంచం కిందికి చెయ్యి చాపాడు. చల్లగా తగిలింది.

బయటికి తీసి, ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు ఎత్తుకునే నిలబడ్డాడు. నవత సోఫా కవరు లాగేసింది. భూమేశ్ టైగర్‌ను సోఫా మీద పడుకోబెట్టాడు.