మిల్లులో ఊడ్చిన బియ్యం

సరుకుల చీటీలో కందిపప్పు రెండు కిలోలని ఉంది. ఐజాక్ రెండు కొట్టేసి ఒకటి చేశాడు.

"పంచదార కూడా సగం చాలు" అన్నాడు.

"టీ ఎలాగండీ?" అంది రూబీ.

"తీపి తగ్గితే షుగరు రాదే. రెండు లాభాలు."

"అయితే ఉప్పు కూడా కొట్టేయండి. బీపీ రాదు."

ఐజాక్ నవ్వలేదు. పెన్ను ఆపలేదు.

అతను పని చేసే కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో నెలకు పదిహేను రోజులే పని ఇస్తున్నారు. ఐదు వేల సరుకులు మూడు వేలకు దిగాలి. రాజమండ్రి వెళ్ళి సూపర్ మార్కెట్లో బుట్ట నింపడం అప్పుడే మానేశారు. ఆదివారం కోడి పోయి చేప వచ్చింది. ఆ తర్వాత చేప పోయి గుడ్డు వచ్చింది.

పెన్ను బియ్యం దగ్గర ఆగింది.

"పిడికెడు బియ్యం కూడా..." అని నసిగాడు.

"అది దేవుడిది. దాని జోలికి రాకండి" అంది రూబీ.

వాళ్ళ చర్చి ఆడవాళ్ళకు అదొక అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తీసుకెళ్ళి చర్చిలోని డ్రమ్ములో ఒంపుతారు. నెలాఖరున ఆ బియ్యం దిక్కులేని ముగ్గురు ముసలమ్మలకు వెళుతుంది. కొలిచి, సంచుల్లో పోసి, పేర్లు రాసి పంచేది సంఘ పెద్ద. సంఘ పెద్ద ఐజాకే.

ఇద్దరు ముసలమ్మలు చర్చికే వచ్చి తమ సంచులు పట్టుకెళతారు. మూడో ఆవిడ సూరమ్మ. గోదావరి మధ్య లంకలో ఉంటుంది. నడుం పడిపోయి ఇల్లు కదల్లేదు. ఆమె సంచి ఐజాకే పడవ మీద తీసుకెళతాడు.

తల్లి పోయాక రూబీని పెంచింది ఆ సూరమ్మే. రూబీకి పడవంటే చచ్చేంత భయం. పిన్నిని చూసి ఏడాది దాటింది.

"ఆ సంచి పిన్నికి నెలంతా రాదండీ. మనం ఇంకో ఐదు కిలోలు పంపుదాం."

"సంఘం ఇస్తోంది కదే. మన చీటీలో చోటెక్కడుంది?"



ఒకటో తారీఖున ఐజాక్ మోపెడ్ మీద బియ్యం మూట తెచ్చాడు. విప్పితే లావు గింజా సన్న గింజా కలిసిపోయి ఉన్నాయి.

"మిల్లులో ఊడ్చిన బియ్యం. కిలో పదిహేనుకి ఇచ్చాడు. రాళ్ళుంటే ఏరుకో."

అప్పటి నుంచి ప్రతి ఒకటో తారీఖుకీ మూట వచ్చింది. మూడో నెలకల్లా సరుకులు మూడు వేలలో సర్దుకున్నాయి. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో "పొదుపంటే మన ఐజాక్ గారిని చూసి నేర్చుకోవాలి" అన్నారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న రూబీ కొంగు సర్దుకుంది. ఆ పూట గుడ్డు కూర కూడా ఆమెకు కోడి కూరలాగే అనిపించింది.

నాలుగో నెలాఖరు శనివారం. సాయంత్రం చర్చి ఊడ్చి ఇంటికొచ్చిన రూబీ ఎడమ చెవి బోసిగా ఉంది.

"దిద్దేదే?" అన్నాడు ఐజాక్.

"కనపడట్లేదండి."

"చర్చిలో వెతికావా?"

"అంతా వెతికాను."

"నేను ఇక్కడ పప్పు గింజలు లెక్కపెడుతుంటే, నువ్వు పావుకాసు బంగారం పారేసుకొస్తావా! చెవిలోది పోతే తెలీదా? నువ్వు మనిషివా, దిమ్మవా?"

వీధిలో వాళ్ళు తొంగి చూసేదాకా కేకలేశాడు. రూబీ వేపపుల్ల విరిచి చెవికి పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం ఐజాక్ లంక నుంచి వచ్చాడు. రూబీ కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"పిన్నికి సంచి ఇచ్చారా?"

"ఇచ్చాను. దండం పెట్టింది."

"విప్పి చూసుకుందా?"

"నా ముందే డబ్బాలో పోసుకుంది."

"ఏమీ అనలేదా? నాకు చెప్పమని?"

"ఏమంటుంది? నెలనెలా వెళ్ళే బియ్యమే కదా."

రూబీ మనసు చివుక్కుమంది. పెంచిన పిన్ని ఒక్క మాట పంపలేదు.

ఒకటో తారీఖున మళ్ళీ మిల్లు బియ్యం వచ్చింది. పాత బియ్యం డబ్బాలోనే పోసింది రూబీ. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో కూర్చుని చేటలో రాళ్ళు ఏరుతోంది. ఐజాక్ పక్కన అరుగు మీద కూర్చుని చప్పటి టీ తాగుతున్నాడు.

గింజల మధ్య ఏదో మెరిసింది. రూబీ చెయ్యి ఆగిపోయింది.

ఐజాక్ వంగి చూశాడు. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నీ దిద్దేనే! చూశావా, ఇంట్లోనే ఉంది. బియ్యం కొలిచేటప్పుడు డబ్బాలోకి జారి ఉంటుంది. అనవసరంగా నిన్ను తిట్టాను. ఇలా తిరుగు."

వేపపుల్ల తీసి పారేశాడు. తనే దిద్దు పెట్టి మర బిగించాడు.

"దేవుడు మన ఇల్లు మర్చిపోలేదే" అన్నాడు.

రూబీ చేటలోకే చూస్తోంది.

"పిన్నికి సంచి మీరే ఇచ్చారు కదండీ?"

"ఎన్నిసార్లు చెప్పను? నా చేత్తోనే ఇచ్చాను."

ఆ దిద్దు జారిపడింది కాదు. ఆ శనివారం చర్చి ఊడుస్తూ, సూరమ్మ పేరు రాసి ఉన్న సంచి మూతి విప్పి, రూబీ తన చేత్తోనే అందులో వేసింది.